ఏడు కిలోల్లో సముద్రయానం

మూడు రాత్రుల ఓడ ప్రయాణం. మనుషులం అయిదుగురం. మంచం మీద పోగైన సామాను చూస్తే మాత్రం కాపురం మారుస్తున్నట్టుంది.

అత్తయ్య చీరలు ఏడు, వాటి జాకెట్లు, లంగాలు. పిల్లలిద్దరికీ పూటకో జత చొప్పున రెండు దొంతరలు. ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, నాలుగు ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బాక్సు. పాత తువ్వాలులో చుట్టి, ఆపైన రెండు ప్లాస్టిక్ కవర్లు కట్టిన ఆవకాయ సీసా. సింగపూర్‌లో ఉన్న బంధువుల కోసం అరకిలో ఎండుకొబ్బరి. అయిదు పెద్ద తువ్వాళ్లు, రెండు శాలువాలు, ఒక స్వెట్టరు. ప్రతి వస్తువూ ఆ మంచం మీదకు రావడానికి ఒక మంచి కారణం ఉంది. ఆ కారణాలన్నిటినీ బుర్రలో మోస్తున్న మనిషి మాత్రం ఒక్కరే. అది నేను.

ఇది మూడేళ్ల కిందటి మాట. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్తే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. టికెట్టు తక్కువకు వస్తోందని మధ్యలో ఇంకో ఊళ్లో విమానం మారే దారి ఎంచుకున్నాం. ఓడ బయల్దేరే రోజు పొద్దున్నే చాంగీ విమానాశ్రయంలో దిగాం. ఆరు పెట్టెల్లో నాలుగే వచ్చాయి. రాని రెండింట్లో ఒకటి అత్తయ్యది. అందులో చీరలతోపాటు ఆమె బీపీ మాత్రలు, షుగరు మాత్రలు కూడా ఉన్నాయి.

విమానం అందకపోతే మరో విమానం ఉంటుంది. ఓడకు ఆ వెసులుబాటు లేదు. సాయంత్రం నాలుగున్నరకు ఓడ కదులుతుందంటే గంట, గంటన్నర ముందే ఎక్కేవాళ్ల దారి మూసేస్తారు. పెట్టె రాలేదని కౌంటరులో ఫిర్యాదు రాయించి, ఆ కాగితం పట్టుకుని రేవుకు పరుగెత్తాం. పెట్టెలు దొరికాయని మర్నాడు కబురొచ్చింది. అప్పటికి మేం సముద్రం మధ్యలో ఉన్నాం. తిరుగు ప్రయాణంలో అదే చాంగీలో వాటిని తీసుకున్నాం.

ఓడలో డాక్టరు ఉన్నారు, మాత్రలు ఇచ్చారు. ఫీజు డాలర్లలో. చీరలకు మాత్రం దారి లేదు. అరవై ఎనిమిదేళ్ల అత్తయ్య పగలు కట్టుకున్న చీరను రాత్రి ఉతుక్కుని, నా నైటీ వేసుకుని పడుకున్నారు. పొద్దున మళ్లీ అదే చీర. మూడు రోజులూ అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండింది. ఆ మాత్రలను ఆ పెట్టెలో పెట్టింది నేనే కదా.

అయితే ఆ మూడు రోజుల్లోనే ఒక సంగతి కళ్లబడింది. రాత్రి తొమ్మిదింటికి పిండి ఆరేసిన మంగళగిరి నూలు చీర తెల్లారేసరికి కట్టుకోవడానికి సిద్ధంగా ఉండేది. ఏడు చీరలు తెచ్చుకున్న మనిషికి ఒక్క చీరతో గడిచిపోయింది. ఈ వేసవిలో రెండోసారి బయల్దేరినప్పుడు నేను లెక్క మొదలుపెట్టింది ఆ చీరతోనే.

తూకమంతా విమానానిదే

ఓడెక్కేటప్పుడు పెట్టె తూచేవాళ్లు దాదాపుగా ఉండరు. అందుకే ఓడ కంపెనీల ప్రకటనలు చూసి సామాను సర్దితే చిక్కొస్తుంది. హైదరాబాద్‌కు సముద్రం లేదు. విశాఖలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది కానీ, తెలుగువాళ్లలో చాలామందికి ఇప్పటికీ ఓడ ప్రయాణమంటే ముందు ముంబయికో, చెన్నైకో, సింగపూర్‌కో విమానం ఎక్కడమే. మన దేశంలో తిరిగే విమానాల్లో సాధారణ తరగతికి మామూలుగా చెక్-ఇన్ సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. చేతి సంచి ఒక్కటే ఉండాలని పౌర విమానయాన భద్రతా సంస్థ నియమం. విదేశాలకు వెళ్లే చవక విమానాల్లో చాలావాటికి చెక్-ఇన్ సామాను టికెట్టులో కలిసి రాదు, విడిగా కొనుక్కోవాలి. మనకు అసలు కొలత అక్కడుంది.

ఏడు కిలోలంటే చాలా తక్కువ అనిపిస్తుంది. అందులో సంచి బరువు కూడా కలిసిందని గుర్తొస్తే ఇంకా తగ్గుతుంది. మా ఇంట్లో చక్రాల చిన్న పెట్టెను ఖాళీగా తూచితే 2 కిలోల 800 గ్రాములు. అంటే సామానుకు మిగిలేది 4 కిలోల 200. పిల్లల బడి సంచిలాంటి వీపు సంచి 750 గ్రాములు. అదే ఏడు కిలోల్లో ఇప్పుడు ఆరుంబావు కిలోల సామాను పడుతుంది. గట్టి ప్లాస్టిక్ డొప్పలు తయారీదారు ప్రకటనలో ఎంత అందంగా ఉన్నా, అయిదుగురి ప్రయాణంలో అవి తినేసే బరువు పది కిలోలు దాటుతుంది. ఓడ గదిలో ఇంకో ఇబ్బంది. లోపలివైపు గదులు నూట యాభై, నూట ఎనభై చదరపు అడుగులకు మించవు. గుడ్డ సంచి అయితే మడిచి మంచం కిందకు తోసేయవచ్చు. డొప్ప పెట్టె నేలమీద నిలబడి నడిచే దారినే ఆక్రమిస్తుంది.

అందుకని వంటింటి కాటాను భోజనాల బల్ల మీద పెట్టుకుని, తీసుకెళ్లాలనుకున్న ప్రతి వస్తువునూ తూచాను. నా జీన్స్ ప్యాంటు 640 గ్రాములు. పల్చటి నూలు కుర్తా 210. అత్తయ్య మంగళగిరి చీర 450, కంచిపట్టు చీర 900 దాటింది. మా ఆయన తోలు బూట్లు జత కిలోకు దగ్గర. జీన్స్, బూట్లు విమానంలో ఒంటి మీదే ఉండాలని అక్కడికక్కడే తేలిపోయింది. కాటా మీద అంకె చూశాక ఇంట్లో వాదన తగ్గుతుంది. మా పన్నెండేళ్ల అబ్బాయి తన మూడో జీన్స్‌ను తనే తీసి పక్కన పెట్టాడు.

బట్టల లెక్క ఇలా కుదిరింది. ఒంటి మీద ఒక జత, సంచిలో పగటికి రెండు, సాయంత్రం భోజనానికి ఒకటి, పడుకోవడానికి ఒకటి, ఈతకు ఒకటి. సింగపూర్, పెనాంగ్‌ల వైపు ఏడాది పొడవునా ఉక్కపోతే కాబట్టి స్వెట్టర్లు అక్కర్లేదు. ఓడ లోపల ఏసీ మాత్రం గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లకు ఒక పల్చటి శాలువా చాలు. ఓడలో ఒక రాత్రి ముస్తాబై భోజనానికి వెళ్లే ఆనవాయితీ ఉంటుంది. ఆ రాత్రి కోసం కోటు, సూటు మోసుకెళ్లే కుటుంబాలను చూశాను. మగవాళ్లకు కాలరున్న చొక్కా, మంచి ప్యాంటు సరిపోతాయి. ఆడవాళ్లకు చీరను మించిన ముస్తాబు ఇంకేం కావాలి? మడిస్తే పుస్తకమంత అయ్యే బట్ట లోకంలో ఏ కొలువుకైనా తగిన దుస్తులు కావడం నాకెంతో గర్వంగా అనిపించే సంగతి. అత్తయ్య కంచిపట్టు ఇంట్లో పెట్టి తేలికపాటి ఉప్పాడ చీర తెచ్చుకున్నారు. ఆ రాత్రి భోజనాల హాల్లో మా బల్ల దగ్గర ఆగి, ఆ జరీ నేత గురించి అడిగినవాళ్లు ఎందరో.

ఈత దుస్తుల దగ్గర మనవాళ్లు చాలామంది పొరపాటు పడతారు. నూలు పంజాబీ డ్రస్సుతోనో, టీషర్టుతోనో కొలనులోకి దిగనివ్వరు. నైలాన్‌లాంటి బట్టతో కుట్టినవే కావాలి. ఒళ్లంతా కప్పే పొడవు చేతుల ఈత దుస్తులు మన ఊళ్లలోనూ దొరుకుతున్నాయి, బరువూ తక్కువే. ఇంటి దగ్గరే కొనుక్కుంటే మంచిది. ఇంకా డైపర్లు వాడే పసిపిల్లలను చాలా ఓడల్లో పెద్ద కొలనులోకి రానివ్వరు, ఈత డైపరు వేసినా సరే. దీన్ని టికెట్టు కొనే ముందే అడిగి తెలుసుకోవాలి. ఓడెక్కాక తెలిస్తే ఆ పిల్లను సముదాయించడం కష్టం.

ఇంట్లోనే ఆగిపోవాల్సినవి

మొదటి ప్రయాణంలో మంచం మీద కనిపించిన కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఈ మూడింటినీ రేవు దగ్గర ఎక్స్‌రేలో చూసి పక్కకు తీసేశారు. దిగేటప్పుడు తిరిగి ఇచ్చారు. అంటే దాదాపు మూడు కిలోల బరువును రెండు దేశాల మీదుగా ఊరికే తిప్పి తెచ్చాం.

ఆ నియమం వెనక ఉన్న భయం నిజమైనది. నడిసముద్రంలో నిప్పంటుకుంటే అగ్నిమాపక వాహనం రాదు. 2006 మార్చిలో జమైకా వైపు వెళ్తున్న స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో ఒక బాల్కనీలో మొదలైన మంట ఎన్నో గదులకు పాకింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆర్పకుండా వదిలేసిన సిగరెట్టు కారణం కావచ్చని దర్యాప్తులో తేల్చారు. కెటిల్, ఇస్త్రీ పెట్టెలాంటి వేడి పుట్టించే పరికరాలను ఓడలో అనుమతించకపోవడం వెనక ఉన్నది అలాంటి మంటల భయమే. ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి కొంచెం వేరు. ఓడలో కరెంటు ఏర్పాటు మన ఇళ్లలోలా ఉండదు. హెచ్చు వోల్టేజీని అడ్డుకునే పరికరం ఉన్న బాక్సులు ఆ ఏర్పాటులో వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నాలుగు యూఎస్‌బీ తీగలు పట్టే చిన్న చార్జరు, అన్ని దేశాల ప్లగ్గులకూ సరిపోయే ఒక అడాప్టరు పెట్టుకుంటే అయిదుగురికీ చాలింది.

పవర్‌బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో నిషేధం. 100 వాట్-అవర్లలోపు అయితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మనం మామూలుగా కొనే 20,000 ఎంఏహెచ్‌వి 74 వాట్-అవర్ల దగ్గర ఉంటాయి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయల్దేరబోతున్న విమానం లోపల మంటలు లేచి, పైకప్పు కాలిపోయింది. పవర్‌బ్యాంకు వల్ల కావచ్చని అక్కడి దర్యాప్తులో చెప్పారు. ఆ తర్వాత కొన్ని విమాన సంస్థలు ప్రయాణంలో వాటిని వాడటం కూడా ఆపేశాయి. తలమీది అరలో కాకుండా కళ్లెదుట ఉంచుకోవడమే మంచిది.

ఎండుకొబ్బరి కూడా తీసుకెళ్లకూడదన్న మాట విని అత్తయ్య ఆశ్చర్యపోయారు. అందులో నూనె శాతం ఎక్కువ. కుదురుగా కుక్కి ఉంచితే తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణమున్న సరుకుగా విమాన రవాణాలో దాన్ని లెక్కిస్తారు. మన దేశంలో చెక్-ఇన్ సామానులో ఎండుకొబ్బరి నిషిద్ధ వస్తువు. ఆవకాయను చేతి సంచిలో తీసుకెళ్దామంటే దేశం దాటే విమానాల్లో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు ఉంది, నూనె ఊటతో ఉన్న పచ్చడి అక్కడ ఆగిపోతుంది. ఓడవాళ్లు కూడా ఇంట్లో వండిన తిండిని రానివ్వరు. సీలు తీయని, కొట్లో కొన్న పొట్లాలకైతే సాధారణంగా అభ్యంతరం ఉండదు. సింగపూర్ నుంచి తిరిగే పెద్ద ఓడల్లో మనవాళ్ల రద్దీ వల్ల శాకాహారం, అన్నం, పప్పు, పెరుగు దొరుకుతున్నాయి. అత్తయ్య కోసం సీలువేసిన కందిపొడి పొట్లం ఒక్కటి పెట్టాను. చివరి రోజుకు సగం మిగిలింది.

తువ్వాళ్లు అసలు మోయకూడదు. స్నానానికి గదిలో ఇస్తారు, కొలను దగ్గర వేరేగా ఇస్తారు. సబ్బు, షాంపూ, చాలా ఓడల్లో జుట్టు ఆరబెట్టే యంత్రం కూడా ఉంటాయి. లేనిదల్లా మన ఇళ్లలో పెద్దవాళ్లు మొదట అడిగేది. మరుగుదొడ్డిలో నీళ్ల వసతి. మొహమాటం లేకుండా చెప్పాలంటే, మడిస్తే అరచేతిలో పట్టే సిలికాన్ మగ్గు ఒకటి పెట్టుకుంటే పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. 90 గ్రాముల ఆ మగ్గుకు మా సామానులో మొదటి స్థానం ఇచ్చాను.

మొదటి పూట మీ చేతుల్లో

ఇళ్లలో పెద్దగా ఎవరూ అనుకోని విషయమొకటుంది. రేవు దగ్గర పోర్టరుకు అప్పగించిన పెట్టె వెంటనే గదికి రాదు. వేలమంది సామాను ఎక్స్‌రేలోంచి వెళ్లి, అంతస్తులవారీగా విడివడి, మీ తలుపు దగ్గరకు చేరేసరికి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి రాత్రి భోజనాల వేళ దాటుతుంది. మధ్యాహ్నమే ఓడెక్కిన పిల్లలు కొలను చూసి గంతులేస్తారు. ఈత దుస్తులు మాత్రం ఎక్కడో కింది అంతస్తులో ఉంటాయి. పాస్‌పోర్టును పొరపాటున అదే పెట్టెలో వేసి పోర్టరుకు ఇచ్చేసినవాళ్లు లైనులో నిలబడి వణికిపోవడం నేను కళ్లారా చూశాను.

అందుకే పెట్టె ఎంత పెద్దదైనా, చిన్నదైనా, మొదటి ఇరవై నాలుగు గంటలకు కావలసినవి ఒంటిని అంటిపెట్టుకునే ఉండాలి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఓడ పాసులు ఒక సంచిలో, ఫోనులో ఉన్నా సరే కాగితం మీద కూడా. ఆర్నెల్లకు పైగా గడువున్న పాస్‌పోర్టు అయితేనే బయల్దేరాలి. ఓడ పరాయి రేవుకు వెళ్లి మళ్లీ సింగపూర్‌కు వస్తుంది కాబట్టి ఒక్కసారి ప్రవేశానికే పనికొచ్చే వీసా కాదని చూసుకోవాలి. మందులు ఎవరివి వాళ్ల దగ్గర, అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో సహా, ప్రయాణం కంటే మూడు రోజులు ఎక్కువకు సరిపడా. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు, విమానం పొట్టలో చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడి మాత్రలు తెచ్చుకోవాలి.

చెక్-ఇన్ పెట్టె తప్పదనుకుంటే, ఒక పెట్టెలో ఒకరి బట్టలే సర్దకండి. రెండు పెట్టెలుంటే రెండింట్లోనూ అందరివీ కొన్ని కొన్ని ఉండాలి. ఒకటి తప్పిపోయినా ఏ ఒక్కరూ ఒంటిమీది బట్టలతో మిగిలిపోరు. పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోవాలి. అవసరానికి కొన్న వస్తువుల బిల్లులు దాచాలి. దేశాంతర విమానాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, ఆలస్యంగా వచ్చిన సామానుపై అది చేతికందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అడగాలి. విమాన సంస్థ బాధ్యతకు హద్దు 2024 డిసెంబరు చివరి నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కకట్టే విలువ ప్రమాణం), మన డబ్బులో లక్షన్నరకు పైమాటే. అది గరిష్ఠ హద్దు, మనం చూపిన నష్టాన్ని బట్టే ఇస్తారు. మొదటిసారి నాకివేమీ తెలియవు. బిల్లులన్నీ ఓడలోనే పారేశాను.

ఓడ ఎక్కే రోజునే విమానం దిగడం కూడా ఈసారి మానేశాం. ఒక రోజు ముందే సింగపూర్ చేరి ఒక రాత్రి బస చేశాం. ఆ గది అద్దె సామాను మీద పెట్టిన ఖర్చుగానే నేను లెక్కవేస్తాను.

ఎవరి సంచి వాళ్లది

మనిళ్లలో ప్రయాణమంటే ఒక మనిషి తలలో వంద "ఒకవేళ"లు తిరగడం. ఒకవేళ వాన వస్తే. ఒకవేళ చిన్నది బట్టలు పాడుచేసుకుంటే. ఒకవేళ తిండి పడకపోతే. ఆ మనిషి చాలా ఇళ్లలో తల్లి. ఆమె ఒక్కొక్క "ఒకవేళ"కు ఒక్కొక్క వస్తువు పెడుతుంది. ఏదైనా మరిచిపోతే తప్పు తనదవుతుందని తెలుసు కాబట్టి ఇంకో వస్తువు పెడుతుంది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టని పక్కన కూర్చున్నవాళ్లు అనేస్తారు. అదే పక్కన కూర్చున్నవాళ్లు మర్నాడు ఓడలో "నా బ్రష్షు ఎక్కడ పెట్టావు?" అని అడుగుతారు.

ఈసారి నేను ఎవరి సంచీ సర్దలేదు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. ఎవరి బరువు ఎంతో అందులో రాశాను. మా ఆయనకు, నాకు ఏడేసి కిలోలు, అత్తయ్యకు అయిదు, పిల్లలకు మూడేసి. అందరివీ కలిపి 25 కిలోలు. అయిదుగురికి అనుమతి 35 అయినా, పిల్లలు తమ సంచి తామే మోయాలంటే మూడు కిలోలు దాటకూడదు. బాబు సంచి రెండుసార్లు విప్పి సర్దుకున్నాడు. ఎనిమిదేళ్ల పాప తన గుడ్డ ఏనుగు తెస్తానంది. కాటా మీద 300 గ్రాములు. దానికోసం ఒక గౌను తీసేసింది. ఆ నిర్ణయం తనది, నేను అడ్డుచెప్పలేదు. మా ఆయన చొక్కాలు లెక్కతప్పి ఒకటి తక్కువ తెచ్చుకున్నారు. ఒక రాత్రి ఆయనే ఉతుక్కున్నారు.

ఉతకడం గురించి నాలుగు మాటలు. ఓడ స్నానాల గదిలో షవరు పైన లాగితే వచ్చే సన్నటి దండెం సాధారణంగా ఉంటుంది. చాలామంది దాన్ని గమనించరు. ఉతికిన బట్టను పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా పిండితే నీరంతా తువ్వాలు లాగేస్తుంది, తెల్లారేలోగా ఆరుతుంది. జీన్స్ మాత్రం ఆరదు. గది గోడలు చాలా ఓడల్లో ఇనుప రేకువి, అయస్కాంతపు కొక్కేలు అంటుకుంటాయి. నాలుగు కొక్కేలతో టోపీలు, తడి ఈత దుస్తులు, పాసులు అన్నిటికీ చోటు దొరికింది.

రెండో రోజు పెనాంగ్‌లో స్వెట్టెన్‌హామ్ రేవులో దిగాం. యునెస్కో వారసత్వ పట్టణమైన జార్జ్‌టౌన్ వీధులు అక్కడి నుంచి నడిచిపోయేంత దూరం. పెనాంగ్ జాజికాయకు పేరు. అత్తయ్య సంచిలో కిలోకు పైగా ఖాళీ ఉంది. ఎండబెట్టి పంచదార పట్టించిన జాజికాయ తొనలు, చిన్న సీసాలో జాజికాయ తైలం కొన్నారు. ఏం కొన్నా ఎక్కడ పెట్టాలా అని వెనక్కి తిరిగి నన్ను చూడలేదు.

చివరి రాత్రి ఓడలో ఒక తంతు ఉంటుంది. పొద్దున్నే దిగాలి కాబట్టి పెట్టెలకు రంగు చీటీలు కట్టి రాత్రి పది, పదకొండులోపు తలుపు బయట పెట్టాలి. మొదటిసారి ఆ గంటలన్నీ నేను నేలమీద కూర్చుని సర్దడంలోనే గడిచాయి. హడావిడిలో పాప చెప్పులు కూడా పెట్టెలోకి వెళ్లిపోయాయి, మర్నాడు పొద్దున పిల్లను ఎత్తుకుని దిగాం. తమ సామాను తామే మోసుకునేవాళ్లకు ఈ తంతు లేదు. వాళ్లు పొద్దున్నే అందరికంటే ముందు దిగిపోవచ్చు. రేవు పక్కనే మెట్రో స్టేషను, అక్కడి నుంచి చాంగీకి రైలు.

ఈసారి చివరి రాత్రి తొమ్మిదింటికి మా వరండా పొడుగునా పెట్టెలు బారులు తీరి ఉన్నాయి. మా తలుపు ముందు ఏమీ లేదు. అత్తయ్యా నేనూ పై అంతస్తుకు వెళ్లి కూర్చున్నాం. మలక్కా జలసంధి లోకంలోకెల్లా రద్దీగా ఉండే సముద్ర మార్గాల్లో ఒకటి. చీకట్లో సరుకు ఓడల దీపాలు ఒకదాని వెనక ఒకటి, కొన్ని మాతోపాటు, కొన్ని ఎదురుగా. అత్తయ్య ఒక జాజికాయ తొన నా చేతిలో పెట్టి, రెండోది తను నోట్లో వేసుకున్నారు.

"పదకొండవుతోంది అత్తయ్యా, కిందికి వెళ్దామా?"

"సర్దాల్సిందేమైనా ఉందా అమ్మాయ్?"

"ఏమీ లేదు."

"అయితే కూర్చో."